ఆయన పక్క గులాబీ మడి

ఫిబ్రవరి 16, 2026, సోమవారం

కళ్లకు దుమ్ము తగలకూడదని డాక్టరు పెట్టిన గడువు నిన్నటితో అయిపోయింది. ఈ ఉదయం పెరట్లోకి దిగి గులాబీ మొక్కలు లెక్కపెట్టాను. అక్టోబరు ఇరవైన శుక్లాల ఆపరేషనుకు రాజమండ్రిలో అమ్మాయి ఇంటికి వెళ్లేటప్పుడు నలభై రెండు. ఇప్పుడు నలభై నాలుగు.

తగ్గితే ఎండిపోయాయనుకోవచ్చు. గులాబీ తనంతట తాను పెరిగి రెండు కాదు. మళ్లీ లెక్కపెట్టాను. నలభై నాలుగే. నూతి వెనక సిమెంటు సంచుల్లో రెండు మొక్కలు, ఎవరి కంటా పడకుండా పెట్టినట్టు పెట్టి ఉన్నాయి. ఒకదాని మొదట్లో, అంటు కట్టిన చోటికి కాస్త పైన, పార తగిలిన పాత మచ్చ. ఆ పార నాది. ఆ మచ్చ నాకు తెలుసు. ఆ మొక్క ఉండవలసింది ఇక్కడ కాదు.

హేమను అడిగాను. "ఎవరో ఇచ్చేరు అత్తయ్యగారూ" అంది.

"ఎవరో అంటే?"

"పాపారావు గారనుకుంటానండి."

పాపారావు సమాధుల తోట కాపరి. గోతులు తవ్వుతాడు, గేటు తాళం వేస్తాడు. అతనికి గులాబీలు ఎక్కడివి అంటే నా కోడలు చేట ముందు వేసుకుని బియ్యం ఏరడం మొదలుపెట్టింది. అవి నిన్న నేను ఏరి పెట్టిన బియ్యం.

ఫిబ్రవరి 17, మంగళవారం

ఆటో పిలిపించుకుని ఒక్కదాన్నే సమాధుల తోటకు వెళ్లాను.

నలభై ఆరో నంబరు సమాధి, మా ఆయన. నలభై ఏడు, నా మడి. మడి లేదు. మట్టి దిబ్బ, దాని మీద కర్ర సిలువ. సిలువ మీద నల్ల రంగుతో 'పాపాయమ్మ, 6-11-2025'. అక్షరాలు వంకరగా ఉన్నాయి.

ఎనిమిది మొక్కలు. తొమ్మిదేళ్లు. ఆయన పోయిన రెండో నెలలో కడియం నుంచి తెప్పించి నా చేత్తో నాటినవి. ఆ మడిలో నేను తప్ప వేరెవరూ పార వెయ్యలేదు. అది నా చోటని ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

పాపాయమ్మ నేను హెడ్‌మిస్ట్రెస్‌గా ఉన్న బడిలో ఆయా. ఇరవై రెండేళ్లు గంట కొట్టింది, గదులు ఊడ్చింది. ఇప్పుడు ఆయన పక్కన.

ఆయా అని కాదు. ఎవరిని పెట్టినా ఇదే అంటాను.

ఫిబ్రవరి 18, భస్మ బుధవారం

గుడిలో పాస్టరు గారు నుదుట బూడిద రాసి, మన్నువు, తిరిగి మన్నైపోతావు అన్నారు. ఏ మన్ను అని అడగాలనిపించింది.

ఇంటికి వచ్చి లెక్క వేశాను. ఈస్టరు ఏప్రిల్ 5. కత్తిరించిన గులాబీ మన ఎండకు నలభై అయిదు రోజుల్లో పువ్వు ఇస్తుంది. అంటే రేపు. ఏటా ఇంతే, బూడిద మర్నాడు కత్తెర.

ఈస్టరు తెల్లవారుజామున సమాధి సమాధికీ ఒక ఎర్ర గులాబీ నేను పెడతాను. ఆయన పోయిన మొదటి ఏడు ఆయనకొక్కరికే పెట్టాను. పక్క సమాధుల వాళ్లు చూసిన చూపు బాగాలేక మరుసటి ఏడు నుంచి అందరికీ మొదలుపెట్టాను. 2018లో యాభై ఒకటి. పోయిన ఏడు ఎనభై రెండు. ఎనిమిదేళ్లలో ఒక్క పువ్వు తగ్గలేదు, ఒక్కటి మిగల్లేదు. అందరూ సున్నం, కొవ్వొత్తులు చూసుకుంటారు. పువ్వు సంగతి నాకు వదిలేస్తారు.

ఈ ఏడు సమాధులు ఎనభై ఏడు.

ఈ ఏడు పువ్వులు ఎనభై ఆరు.

ఫిబ్రవరి 19, గురువారం

ఉదయం ఆరు నుంచి పదకొండు వరకు కత్తిరించాను. కత్తెర నిన్ననే సాన పట్టించాను. ముందు చచ్చిన కొమ్మలు, తర్వాత పెన్సిలు కంటే సన్నవి, తర్వాత లోపలికి చూసేవి, ఒకదాన్నొకటి రాసుకునేవి. ఉంచిన కొమ్మకు బయటి వైపు చూసే చిగురు కన్ను వెతికి, దానికి పావు అంగుళం పైన ఏటవాలుగా కోత. కోసిన ప్రతి చోటా మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద. లేకపోతే తెగులు పై నుంచి కిందికి దిగుతుంది.

ఆపరేషనుకు ముందు కన్ను ఎక్కడుందో వేలితో తడిమి కోసేదాన్ని. ఇప్పుడు ముల్లు ముల్లూ కనిపిస్తోంది. చాలా బాగా కనిపిస్తోంది.

ఒక్కో కొమ్మకూ ఒక్కో పేరు పెట్టుకుని కోశాను. సమాధుల తోట కమిటీలో తొమ్మిది మంది. సెక్రటరీ శ్యామ్ బాబుకు మందపాటి కొమ్మ.

సంచుల్లోని రెండు మొక్కలనూ కత్తిరించాను. వాటి తప్పేమీ లేదు.

ఫిబ్రవరి 22, ఆదివారం

ఆరాధన అయ్యాక కమిటీ సెక్రటరీ శ్యామ్ బాబు మెట్ల దగ్గర నన్ను తప్పించుకోబోయి కుదరక నవ్వాడు.

"టీచర్ గారండి, కళ్లెలా ఉన్నాయండి?"

"చూడవలసినవన్నీ కనిపిస్తున్నాయి."

"ఆయ్. ఆ రోజు పరిస్థితి అలాంటిదండి. మీకు కబురు పెట్టకుండా చేసేమని అనుకోకండి…"

"నా ఫోను నా దిండు కిందే ఉంది శ్యామ్ బాబూ. మోగలేదు."

వాడు చెప్పబోయి మింగేశాడు. తర్వాత, "నలభై ఏడు ప్లానులో ఖాళీ అనే ఉందండి. మీరే రాసేరండి" అన్నాడు. "రూలు కూడా మీదేనండి. బతికున్నవాళ్లెవరికీ ముందుగా చోటు కేటాయించకూడదని…"

"నేను రాసింది నాకు చదివి వినిపించకు."

"తప్పండి. ఊరికే గుర్తుచేసేనండి."

పక్కనున్న ఆడవాళ్లు చెవులు ఇటు పెట్టారు. నేను వచ్చేశాను. ఏడో తరగతిలో వీణ్ణి ఎక్కం రాలేదని ఎండలో గంట నిలబెట్టాను. ఇంకో గంట నిలబెట్టవలసింది.

ప్లాను గీసింది నేనే. 2009లో నేను సెక్రటరీగా ఉన్నప్పుడు సమాధులకు నంబర్లు వేసింది నేనే. రూలు రాసిందీ నేనే, డబ్బున్నవాళ్లు మంచి చోట్లు ముందే పట్టుకోకుండా. అది మంచి రూలు. మడి వేశాక కూడా నలభై ఏడు ఖాళీ అనే రాశాను, ఎందుకంటే అందులో మనిషి లేరు. మడి ఉంది. పూలమడి వేరు, చోటు పట్టుకోవడం వేరు.

మార్చి 1, ఆదివారం

పది రోజులు. ఎర్ర చిగుళ్లు వచ్చాయి. మొక్కకు అయిదారు కళ్లు విచ్చాయి. మొదళ్ల చుట్టూ మట్టి గుల్ల చేసి మాగిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి వేసి, పైన కొబ్బరి పీచు పరిచాను. పీచు మొదలుకు తగలకూడదు. తగిలితే కుళ్లు.

గుడికి వెళ్లలేదు. మోకాలు నొప్పి అని చెప్పించాను. మోకాలు బాగానే ఉంది.

మార్చి 5

ఎర్రనల్లి. ఆకుల అడుగున గొట్టంతో నీళ్లు కొట్టాను, ఒక్కో ఆకూ తిప్పి. ఒక్కటి మిగల్లేదు. చాలా రోజుల తర్వాత అన్నం రుచిగా ఉంది.

మార్చి 8, ఆదివారం

మహిళా దినోత్సవమని మహిళా సమాజం వాళ్లు పెద్దవాళ్లకు శాలువాలు కప్పారు. నాకూ ఒకటి. పాపాయమ్మ ఫొటో కూడా పెట్టారు, దండ వేసి. నవ్వుతోంది. బడిలో నా ముందు ఎప్పుడూ నవ్వలేదు.

2011 జూన్‌లో దాని మొగుడు పోయాడు. ముప్పై ఒకటో నంబరు సమాధి. పది రోజుల తర్వాత బడి వరండాలో గంట కొట్టే చోట నిలబడి, "టీచర్ గారండి, ఆయన పక్కన ముప్పై రెండు నాకు ఉంచండి. మీరు చెబితే ఉంచుతారండి" అంది. రూలు చెప్పాను. "ఆయ్" అంది. వెళ్లి గంట కొట్టింది. ఆ ఏడు ఆగస్టులో ముప్పై రెండులోకి వేరేవారు వచ్చారు.

నేను చేసింది సరైనదే. ఒకరికి ఉంచితే అందరికీ ఉంచాలి.

నేను చేసింది సరైనదే.

మార్చి 14, శనివారం

ఇరవై మూడో రోజు. బఠాణీ గింజంత మొగ్గలు పడ్డాయి. పక్క మొగ్గలు గిల్లి పారేసి కొమ్మకు ఒక్కటే ఉంచుతున్నాను. ఒక్కటుంటేనే పువ్వు పెద్దది. ఉంచినవి ఇప్పటికి నూట ఏడు. ఎండుతాయి, పురుగు పడుతుంది, కాబట్టి ఇరవై ఒకటి ఎక్కువ.

పాపారావు కొబ్బరి పీచు బస్తా తెచ్చి దింపాడు. వెళ్లిపోబోతుంటే అరుగు మీద కూర్చోమన్నాను. కూర్చోలేదు, స్తంభం పట్టుకుని నిలబడ్డాడు.

"నా మొక్కలు పీకింది నువ్వేనా?"

"నేనేనండి. వేళ్లు తెగకుండానే తీసేనండి. ఆరు పోయేయండి. రెండు బతికితే తెచ్చి ఇచ్చేనండి."

"ఎవరు పీకమన్నారు?"

"ఎవరూ అన్లేదండి. నేనే అన్నానండి."

తల దించుకుంటాడనుకున్నాను. దించుకోలేదు.

"తుఫాను వానండి. ఎనభై ఆరు తవ్వేనండి, రెండడుగుల్లో నీళ్లండి. ఎనభై ఏడు తవ్వేనండి, అంతేనండి. గోడ పక్కన తవ్వేనండి, అక్కడైతే ఊటేనండి. పెట్టె ట్రాక్టరు మీదే ఉందండి, పైన పట్టా కప్పేం. సలోమి గోతిలోకి తొంగి చూసి, మా అమ్మని నీళ్లలో పెట్టను అనేసిందండి. ఏడవలేదండి. అలా నిలబడిపోయింది. చీకటి పడిపోతందండి. తోట మొత్తంలో ఎత్తుగా ఉన్నది మీ మడి ఒక్కటేనండి. మీరు పోయించిన లంక మట్టి కదండి. పార వేస్తే పొడిగా వచ్చిందండి, ఆ వానలో."

సలోమి పాపాయమ్మ కూతురు. కాకినాడలో స్టాఫ్ నర్సు.

గులాబీ మొదట్లో నీళ్లు నిలిస్తే చస్తుంది. మన నేలలో నాలుగడుగులు తవ్వితే నీళ్లే. అందుకని ఆ మడిని రెండడుగులు ఎత్తు చేయించాను, మూడు ట్రాక్టర్ల గోదావరి లంక మట్టితో. గులాబీల కోసం చేయించాను.

"నాకొక మాట చెప్పవలసింది" అన్నాను.

"సెక్రటరీ గారు మీ ఇంటికి ఫోన్ చేసేరు కదండి. హేమ గారు సరేనన్నారంటేనే పార వేసేనండి."

మార్చి 14, సాయంత్రం

హేమ పోస్టాఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పకముందే అడిగాను.

"అన్నానండి" అంది. "మీకు ఆ వారమే రెండో కన్ను. ఏడవకూడదన్నారు. తర్వాత చెబుదామనుకున్నాను. తర్వాత భయమేసింది."

"నా చోటు ఇవ్వడానికి నువ్వెవరు?"

"మీ చోటని ఎక్కడా రాసి లేదు కదండీ" అంది. అనేసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

మార్చి 15

హేమతో మాట్లాడలేదు.

మార్చి 16

మాట్లాడలేదు. వేరుశనగ పిండి నానబెట్టిన నీళ్లు పోశాను.

మార్చి 17

మాట్లాడలేదు.

మార్చి 19

పింకీ గుమ్మంలో కూర్చుని, "మామ్మా, పక్కన ఎవరుంటే ఏంటి? అప్పటికి నీకు తెలీదు కదా" అంది. ఎనిమిదో తరగతి.

"నాకు తెలుస్తుంది" అన్నాను.

"తాతయ్యకి?"

వెళ్లి చదువుకోమన్నాను.

వాన అయితే మర్నాటి దాకా ఆగవచ్చు. పెట్టెను గుడిలో ఉంచవచ్చు. చేపల చెరువులవాళ్ల మోటారు తెప్పించి నీళ్లు తోడవచ్చు. ఎన్ని మార్గాలున్నాయో నేను రాయగలను. వాళ్లు ఆలోచించలేదు. పాపాయమ్మ కాబట్టి నా చోటు దొరికింది, అదే కమిటీ మెంబరు తల్లయితే… ఆ వాక్యం తప్పు. కమిటీ మెంబరు తల్లయినా అక్కడే పెట్టేవారు. కొట్టివేయను. అలాగే ఉండనీ.

ఎనభై ఆరే. మార్చను.

మార్చి 24, మంగళవారం

ఎండ మండుతోంది. మొగ్గలు తొందరపడుతున్నాయి. ఆరు అప్పుడే రంగు చూపించాయి. ఇలా అయితే మట్టల ఆదివారానికే విచ్చుకుని, ఈస్టరుకు రేకులు రాలుతాయి. తొమ్మిదేళ్లలో మొదటిసారి లెక్క నా చేతుల్లోంచి జారిపోయేలా ఉంది.

కొత్తపేట నుంచి పచ్చ వల తెప్పించి నాలుగు వాసాలు పాతించి నీడ కట్టించాను. గోనెసంచులు తడిపి వరసల మధ్య పరిచాను. పొద్దున, సాయంత్రం నీళ్లు. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు వరకు కుర్చీ వేసుకుని అక్కడే కూర్చున్నాను. కూర్చుంటే చల్లబడదని నాకూ తెలుసు.

పక్కింటి రమణి గోడ మీది నుంచి చూసి, "ఏంటండి టీచర్ గారూ, పెళ్లి పందిరా?" అంది.

"కాదమ్మా. శత్రువులకు విందు" అన్నాను. నవ్వింది. నవ్వుకోనీ.

మార్చి 29, మట్టల ఆదివారం

కొబ్బరి మట్టలు పట్టుకుని ఊరేగింపు మా వీధిలోంచే వెళ్లింది. నేను పెరట్లో ఉన్నాను. విచ్చినవి పదకొండు. కోసి పారేశాను. మిగిలినవి తొంభై ఒకటి.

ఏప్రిల్ 1

మరి రెండు పోయాయి. ఎనభై తొమ్మిది. రేపు సగం విచ్చినవి కోసి నీళ్ల బక్కెట్లో పెట్టాలి. కానీ ఈ వేడికి బక్కెట్లో నీళ్లే కాగుతాయి.

ఏప్రిల్ 2, గురువారం

పొద్దున లేచేసరికి ఫ్రిజ్ ఖాళీగా ఉంది. కూరగాయలు, పాలు, పచ్చళ్లు అన్నీ రమణి ఇంట్లో పెట్టించింది. అరలు తీసేసి కడిగింది. లోపల కింద తడి గుడ్డ పరిచింది. నేను అడగలేదు.

"కాడలు ఎంత పొడుగు కోస్తారండి? తలుపు పడుతుందో లేదో" అంది.

"పది అంగుళాలు" అన్నాను.

పందొమ్మిది రోజుల తర్వాత నేను దానితో అన్న మొదటి మాట అదే. ఎందుకు ఎనభై ఆరని దానికి తెలియదు. తెలిస్తే ఫ్రిజ్ ఇచ్చేది కాదు.

ఏప్రిల్ 3, మంచి శుక్రవారం

పన్నెండు నుంచి మూడు వరకు ఏడు మాటల ఆరాధన. మొదటి మాట, వీరిని క్షమించుము అన్నదాని మీద పాస్టరు గారు ఇరవై అయిదు నిమిషాలు మాట్లాడారు. అయిదో మాట, దప్పిగొనుచున్నాను అన్నదానికి ఏడు నిమిషాలు. సమయం సరిగా పంచుకోవడం రాదు.

ఏప్రిల్ 4, శనివారం

సాయంత్రానికి మంచివి ఎనభై ఎనిమిది ఉన్నాయి. రెండు కోయకుండా మొక్క మీదే ఉంచి తర్వాత చేత్తో నలిపేశాను. పొరపాటున చేతిలో మిగలకూడదు.

ఎనభై ఆరు. మూడుసార్లు లెక్కపెట్టాను.

ఏప్రిల్ 5, ఈస్టరు

రాయకూడదనుకున్నాను. రాయకపోతే రేపటికి ఇంకోలా గుర్తుంటుంది.

నాలుగున్నరకు నేనూ పింకీ గేటు తీయించుకుని వెళ్లాం. బక్కెట్ అది పట్టుకుంది, నేను పెడుతూ వెళ్లాను. అన్నిటికీ కొత్త సున్నం. నలభై ఆరుకు అన్నిటికంటే మంచి పువ్వు పెట్టాను. నలభై ఏడు దాటాను.

"మామ్మా, ఒకటి వదిలేసేవు."

"నడువు."

"అయితే చివర్న ఒకటి మిగులుతుంది."

"మిగలదు."

పింకీ బక్కెట్లోకి చూసింది, వరసల వైపు చూసింది, నా వైపు చూసింది. నా మనవరాలే, లెక్క అందింది. ఎనభై ఏడు వరకు నా వెనకే నడిచింది. బక్కెట్ కింద పెట్టేసి వెళ్లి వాళ్లమ్మ దగ్గర నిలబడింది.

అయిదింటికి జనం వచ్చారు. కొవ్వొత్తులు వెలిగాయి. వరసకు వరస తెలుపు మీద ఎరుపు, మధ్యలో ఒక్కటి బోడిగా. నేను అనుకున్నదానికంటే బాగా కనిపించింది. ఒకళ్లనొకళ్లు మోచేత్తో పొడుచుకున్నారు. శ్యామ్ బాబు చూశాడు, చూపు తిప్పుకున్నాడు. హేమ చూసింది, తిప్పుకోలేదు. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. ఎవరూ అడగరని నాకు తెలుసు. నలభై అయిదు రోజులు నేను కాసుకున్నది ఈ పది నిమిషాల కోసమే.

పాట మధ్యలో సలోమి వచ్చింది. రాత్రి డ్యూటీ దిగి మొదటి బస్సు ఎక్కిందట, కాళ్లకు ఆసుపత్రి తెల్ల బూట్లు అలాగే ఉన్నాయి. చేతిలో కొవ్వొత్తుల ప్యాకెట్ ఒక్కటే. తల్లి దగ్గరికి వెళ్లింది. దిబ్బ చూసింది, అటూ ఇటూ సమాధులు చూసింది.

తర్వాత బూట్లు విప్పింది. వంగి వెతకడం మొదలుపెట్టింది. సిలువ వెనక, నలభై ఎనిమిది వెనక, గడ్డిలో, సెల్లు లైటు వేసుకుని. గాలికి పడిపోయిందనుకుంది. పెట్టలేదన్న ఆలోచన ఆ పిల్లకు రాలేదు. ఆయన సమాధి పక్కన నేను నిలబడి ఉంటే నా చీర కుచ్చిళ్ల దగ్గర కూడా లైటు వేసి చూసింది.

"కాస్త జరగండి టీచర్ గారూ, అమ్మ పువ్వు ఇటు ఎగిరొచ్చిందేమోనండి" అంది.

పాట అయిపోయింది. అందరూ వింటున్నారు.

"పడిపోలేదమ్మా" అన్నాను. "లెక్క తప్పింది."

ఆ మాట నా నోట్లోంచే వచ్చింది.

వెనక నుంచి ఎవరో, "టీచర్ గారిదా? లెక్కా?" అన్నారు. ఒక నవ్వు వినిపించింది. డెబ్భై ఆరేళ్లలో నేను ఆ మాట అనడం ఎవరూ విని ఉండరు. నేనూ వినలేదు.

సలోమి లేచి నిలబడింది. నా ముఖంలోకి చూసింది, నర్సులు చూసినట్టు.

"మీకు లెక్క తప్పదు కదండి" అంది, మెల్లిగా, నాకొక్కదానికే వినబడేలా. "అమ్మ పదకొండు నిమిషాలు లేటుగా వచ్చిన రోజు కూడా మీ హాజరు పుస్తకంలో ఉందండి. ఇంటికొచ్చి చెప్పేది."

నేను కొంగు సర్దుకున్నాను.

"ఆయ్. పర్లేదండి" అంది. కూర్చుని కొవ్వొత్తి వెలిగించింది. మొదటిది ఆయన సమాధి మీద పెట్టింది. "పక్కవాళ్లు కదండి" అని, రెండోది వాళ్లమ్మకు పెట్టింది.

అప్పుడు నా ఒళ్లు మండింది. నిజమే రాస్తున్నాను. జాలి కాదు. నేను ఉండవలసిన పక్కను ఈ పిల్ల ఎంత తేలిగ్గా అనేసిందని మండింది. అలా మండుతూనే వంగి, ఆయన మీది గులాబీ తీసి పాపాయమ్మ మీద పెట్టాను. అది వరసలోకెల్లా మంచి పువ్వు.

"సార్ గారికండి?" అంది సలోమి.

"ఆయన సర్దుకుంటారు" అన్నాను.

ఏప్రిల్ 6, సోమవారం

ఊరంతా టీచరమ్మ లెక్క తప్పిందని చెప్పుకుంటున్నారట. రమణి చెప్పింది. చెప్పుకోనీ. లెక్క సరిగ్గానే వేశానని తెలియడం కంటే అదే నయం. తెలిసినవాళ్లు ముగ్గురు. సలోమి చెప్పదు. హేమ చెప్పదు. పింకీ నాతో మాట్లాడటం లేదు.

ప్లాను కాగితం బయటికి తీశాను. నలభై ఏడు దగ్గర 'ఖాళీ' కొట్టివేసి 'పాపాయమ్మ, 6-11-2025' అని రాశాను. నల్ల సిరా.

ముప్పై రెండు వైపు చాలాసేపు చూశాను.

ఏప్రిల్ 9

పువ్వులైపోయిన కొమ్మలు అయిదు రెబ్బలున్న ఆకు దాకా కోశాను. సంచుల్లోని రెండు మొక్కల్లో ఒకటి అంటు కింది నుంచి కొమ్మ తోసింది. బలంగా ఉంది, ఉంచితే మొక్కనంతా అదే మింగేస్తుంది. మొదలు దాకా తవ్వి పీకాను.

పింకీ ఇవాళ మాట్లాడింది. గ్లాసు ఎక్కడుందని అడిగింది. అదీ మాటే.

ఏప్రిల్ 12, ఆదివారం

నెలనెలా రెండో ఆదివారం కమిటీ మీటింగు. ఎప్పుడో మానేశాను. ఇవాళ రమ్మని కబురు వస్తే వెళ్లాను. తొమ్మిది మంది వరసగా కూర్చున్నారు. టీ, ఎవరో తెచ్చిన బిస్కెట్లు.

శ్యామ్ బాబు గొంతు సవరించుకున్నాడు. "టీచర్ గారండి, మేమందరం ఒక తీర్మానం అనుకున్నామండి. మీ మనసు కష్టపెట్టేం. పాత సమాధి తెరిచి అదే కుటుంబంలోవారిని పెట్టుకోవచ్చని రూలు ఉంది కదండి. సార్ గారి దాంట్లోనే మీరు… అంటే, ఎప్పటికోనండి, వందేళ్లు బతకండి మీరు."

"ఆ రూలులో రెండో వాక్యం చదువు."

చదివాడు. పదిహేనేళ్లు నిండనిదే సమాధి తెరవకూడదు.

"ఆయన ఎప్పుడు పోయారు?"

"2016, నవంబరు 19 అండి. దానికేనండి, మీకోసం ఆ పదిహేనేళ్లు సడలిద్దామని…"

"ఎవరికోసం?"

"మీకోసమండి."

అందరూ నా వైపే చూస్తున్నారు. మంచివాళ్లే. దయగా చూస్తున్నారు. పక్కన కాదు, ఆయన దగ్గరికే. ఎవరి మడీ కాదు, ఎవరి ఎత్తు మట్టీ కాదు. అది నాకు ఎంత కావాలో వాళ్ల ముందు ముఖంలో కనిపించకుండా టీ గ్లాసు నోటి దగ్గర పెట్టుకున్నాను. వాళ్ల సంతకాలు పడితే చాలు, నేను రేపు పోయినా ఫరవాలేదు.

2011లో వరండాలో ఒక మనిషి అడిగింది కూడా ఇంతే.

"సడలించకూడదు" అన్నాను. "ఒకరికి సడలిస్తే అందరికీ సడలించాలి. రాసుకో."

"మరి… అప్పటిదాకానండి?"

"2031 నవంబరు 19. అయిదేళ్ల ఏడు నెలల ఏడు రోజులు. అప్పటిదాకా నేను పోను."

ఎవరో నవ్వబోయారు. నేను నవ్వడం లేదని చూసి ఆగిపోయారు.

"మరో సంగతి శ్యామ్ బాబూ. ఊరికే బతికి ఏం చేస్తాను? ఈ కమిటీలో నా సభ్యత్వం రద్దు కాలేదు, పుస్తకం చూసుకో. వచ్చే నెల నుంచి ప్రతి మీటింగుకూ వస్తాను. తోటలో ఎత్తు మట్టి ఎక్కడెక్కడ పోయాలో, వానాకాలం లోపల ఎవరెవరు ఎన్ని ట్రాక్టర్లు పోయిస్తారో ముందు అది తేల్చాలి. నీళ్లలో ఇంకెవర్నీ పెట్టకూడదు. నీ పేరు మొదట రాసుకో."

"ఆయ్" అన్నాడు.

"అరవై ఏడు మీటింగులు" అన్నాను. "లెక్క తప్పదు."

శ్యామ్ బాబు ముఖం ఏడో తరగతిలో ఎండలో నిలబెట్టినప్పటిలా అయిపోయింది. ఈ రెండు నెలల్లో నాకు దొరికిన నిండు తృప్తి అదే. బిస్కెట్ ఒకటి అడిగి తీసుకున్నాను.